పాత అక్వేరియంలో అడుగు రాళ్ళు తీయాలంటే ముందు ఫిల్టర్ సంగతి చూడండి

మీరు రాసింది ఇదీ: విశాఖపట్నం మధురవాడలో అపార్ట్‌మెంట్, మూడడుగుల అక్వేరియం, నాలుగేళ్ళుగా నడుస్తోంది, అడుగున రెండంగుళాల మందాన నీలం రంగు రాళ్ళు, ఐదు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు, లోపల మునిగి ఉండే చిన్న పవర్ ఫిల్టర్ ఒక్కటే. మొన్న ఒక చేప నోట్లో రాయి ఇరుక్కుని ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. పైగా రాళ్ళు కాస్త కదిలితే చాలు, నల్లటి మడ్డి లేస్తోంది. అందుకని రాళ్ళన్నీ తీసేసి అడుగు ఖాళీగా ఉంచుదామనుకున్నారు. తెలిసినవాళ్ళెవరో "చేపల్ని బకెట్లో వేసి, రాళ్ళు తీసేసి, అద్దాలూ ఫిల్టరూ అన్నీ శుభ్రంగా కడిగి, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ వదిలేయండి, ఒక ఆదివారం పని" అన్నారట. అలా చేయొచ్చా అని మీ ప్రశ్న.

రాళ్ళు తీయాలనుకోవడం మంచిదేనండి, గోల్డ్‌ఫిష్‌కి అడుగు ఖాళీగా ఉండటమే మేలు. కానీ ఆ ఆదివారం పద్ధతి మాత్రం వద్దు. అలా చేసిన ఇళ్ళలో రెండో రోజో మూడో రోజో చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి పీల్చడం, వారం తిరిగేసరికి ఒక్కొక్కటీ పోవడం, "ఇంత శుభ్రం చేస్తే చచ్చిపోయాయేంటి" అని బాధపడటం నేను చాలాసార్లు చూశాను. శుభ్రం చేయడం వల్లే పోయాయని చాలామందికి తట్టదు.

అసలు విషయం ఏంటంటే, మీ అక్వేరియంలో ఆ రాళ్ళే పెద్ద ఫిల్టర్. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూనే ఉంటాయి, మిగిలిన మేత కుళ్ళినా అదే వస్తుంది. ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం, అక్వేరియంలలో ఎక్కువగా నైట్రోస్పైరా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకి విషం, మూడోది అంత ప్రమాదం కాదు, నీళ్ళు మారుస్తుంటే పోతుంది. ఈ బాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు, ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది: రాళ్ళు, ఫిల్టర్ స్పాంజ్, అద్దాలు, బొమ్మలు. మీ చిన్న ఫిల్టర్‌లో ఉన్నది అరచేతిలో పట్టే స్పాంజ్ ముక్క. రాళ్ళేమో దాదాపు 28 కిలోలు. ఎలాగంటే, మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు మీద రెండంగుళాల మందం అంటే సుమారు 18 లీటర్ల రాళ్ళు, లీటరు రాళ్ళు ఒకటిన్నర కిలో పైనే తూగుతాయి. ఆ 28 కిలోల పైపొర అంతా బాక్టీరియా కాపురం. దాన్ని ఒక్కరోజులో ఎత్తేసి, పైగా స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టి నీళ్ళలోని క్లోరిన్‌తో కడిగితే, ఐదు చేపల అమ్మోనియాని తినేవాళ్ళు ఇంక ఎవరూ ఉండరు. ఇవి త్వరగా పెరిగే రకం కూడా కాదు. పాలు తోడుకునే బాక్టీరియా గంటలోపే రెట్టింపు అవుతుంటే, వీటికి బాగా అనుకూలంగా ఉన్నా సగం రోజు నుంచి ఒక రోజు దాకా పడుతుంది.

ఇందులో మంచి సంగతి కూడా ఉంది. బాక్టీరియా ఎంత ఉండాలన్నది రాళ్ళ మీద ఆధారపడదు, దొరికే అమ్మోనియా మీద ఆధారపడుతుంది. అంటే రాళ్ళు తగ్గిస్తూ పోతే, ఉండటానికి వేరే చోటు ఉంటే, అక్కడ అవే పెరుగుతాయి. కాబట్టి మీరు చేయాల్సింది రెండే: ముందు వేరే చోటు ఏర్పాటు చేయడం, ఆ తరువాత రాళ్ళని కొద్దికొద్దిగా తీయడం.

వేరే చోటు అంటే ఇంకో ఫిల్టర్. గోల్డ్‌ఫిష్ మిగతా చేపలకంటే ఎక్కువ మలినం చేస్తుంది, ఐదు ఒరాండాలకి ఆ చిన్న పవర్ ఫిల్టర్ రాళ్ళు ఉన్నప్పుడే బొటాబొటీ. ఎయిర్ పంప్‌తో నడిచే పెద్ద స్పాంజ్ ఫిల్టర్ కొనండి, జంట స్పాంజ్‌లది దొరికితే ఇంకా మంచిది. ఖరీదు తక్కువ, చెడిపోవడానికి అందులో ఏమీ ఉండదు, గాలి కూడా కలుస్తుంది. పైన పెట్టే టాప్ ఫిల్టర్ పెట్టుకున్నా బాగుంటుంది, అందులో సెరామిక్ రింగులు నింపుకోవచ్చు. ఏదైనా సరే, రాళ్ళు ముట్టుకోకముందు నెల నుంచి నెలన్నర పాటు పాత ఫిల్టర్‌తో పాటే అదే అక్వేరియంలో నడవనివ్వండి. తొందరగా కుదురుకోవాలంటే, పాత ఫిల్టర్ స్పాంజ్‌ని ఒక మగ్గు అక్వేరియం నీళ్ళలో పిండి, ఆ మురికి నీళ్ళని కొత్త స్పాంజ్ మీద పోయండి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఒకరోజు నీళ్ళు మసకబారుతాయి, ఏం ఫర్వాలేదు. ఆ మురికిలోనే మనకి కావలసిన విత్తనం ఉంది.

ఈ నెలలోనే చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో రాళ్ళకంటే ఇదే ముఖ్యం. నాలుగేళ్ళ అక్వేరియం అన్నారు, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి ఎంత మారుస్తున్నారో చెప్పలేదు. చాలా ఇళ్ళలో జరిగేది ఏంటంటే, ఆవిరైపోయినంత నీళ్ళు పైన పోస్తుంటారు, అంతే. అలాంటి అక్వేరియంలో బాక్టీరియా పని చేసిన కొద్దీ నీళ్ళలోని క్షారగుణం ఖర్చైపోయి పీహెచ్ (నీళ్ళు పుల్లగా ఉన్నాయో, క్షారంగా ఉన్నాయో చెప్పే అంకె, ఏడు మధ్యస్థం) మెల్లగా పడిపోతుంటుంది. పీహెచ్ ఆరున్నర కంటే కిందికి దిగితే ఆ బాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా మిగిలిపోతుంది. కానీ చేపలు బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే పుల్లటి నీళ్ళలో అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంత హాని చేయదు. ఇప్పుడు అందులో ఒక్కసారిగా బకెట్ల కొద్దీ బోరు నీళ్ళు పోశారనుకోండి. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి, పీహెచ్ ఎనిమిది దగ్గర ఉండటం మామూలే. పీహెచ్ ఒకటి పెరిగితే విషపు అమ్మోనియా వాటా సుమారు పది రెట్లవుతుంది. అంకెల్లో చెప్పాలంటే 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 30 డిగ్రీలు, పీహెచ్ 8 దగ్గర ఏడు వంతులు దాటుతుంది. అంటే అదే చేప, అదే మలినం, కొత్త నీళ్ళు పోసిన గంటలో విషం పది రెట్లు దాటిపోయింది. "మంచి నీళ్ళు పోస్తే చచ్చిపోయాయి" అని జనం చెప్పుకునేవాటిలో చాలావరకు ఇదే జరిగి ఉంటుంది.

కాబట్టి ముందు టెస్ట్ కిట్ కొనండి. చుక్కలు వేసి రంగు చూసేది, కాగితపు పట్టీలు కాదు. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ ఈ మూడూ ఉంటే చాలు. అక్వేరియం పీహెచ్, మీరు పోసే నీళ్ళ పీహెచ్ రెండూ చూడండి. కుళాయి నీళ్ళు ఒక గ్లాసులో పట్టి, ఒక రాత్రి ఉంచి అప్పుడు చూస్తే సరైన అంకె వస్తుంది. రెండింటి మధ్య తేడా అర పాయింట్ లోపైతే ధైర్యంగా ముందుకెళ్ళండి. ఒకటి, ఒకటిన్నర తేడా ఉంటే రాళ్ళ సంగతి పక్కన పెట్టి, రెండ్రోజులకోసారి పదో వంతు నీళ్ళు మారుస్తూ రెండు మూడు వారాల్లో అక్వేరియం నీళ్ళని కుళాయి నీళ్ళ దారికి తెచ్చుకోండి. అమ్మోనియా ఉన్నట్టు కనిపిస్తే ఇంకా తక్కువ మారుస్తూ, ఇంకా నెమ్మదిగా.

నీళ్ళ గురించి ఇంకొక్క మాట. మీకు కార్పొరేషన్ నీళ్ళు వస్తుంటే, అది తాటిపూడి నుంచి వచ్చినా, రైవాడ నుంచి వచ్చినా, మేఘాద్రిగెడ్డ నుంచి వచ్చినా, ఏలేరు కాలువ నుంచి వచ్చినా క్లోరిన్ కలిపే ఇస్తారు. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేకపోతే ముందు రోజే టబ్‌లో పట్టి ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్ గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేసి రాత్రంతా ఉంచండి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ, నేల లోపలి నుంచి నేరుగా వచ్చినప్పుడు ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, వాటినీ కాసేపు గాలి పట్టనిచ్చి పోయడమే మంచిది. అపార్ట్‌మెంట్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి ఎంత వేడెక్కుతాయో మీకు తెలుసు, పొద్దున్నే పట్టుకోండి.

ఇక రాళ్ళు.

ఎప్పుడు తీయాలి అంటే, మన ఊళ్ళో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, మే నెలలో ఇక్కడి గదుల్లో నీళ్ళు 30 దాటితే దానికి మామూలుగానే ఇబ్బంది, నీళ్ళు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది, అప్పుడు ఈ పని పెట్టుకోవడం దాని మీద మరో బరువు వేయడమే. అక్టోబర్, నవంబర్‌లు తుఫానుల కాలం, కరెంటుకి భరోసా లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, అప్పట్లో అక్వేరియం ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అన్నట్టు, రాళ్ళు తీసేయడానికి ఇదీ ఒక మంచి కారణమే: మడ్డి నిండిన రాళ్ళు కుళ్ళుతూ నీళ్ళలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంటాయి, కరెంటు పోయి గాలి ఆగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఏ పద్ధతిలో పెంచినా మన ఊరివాళ్ళ ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఉండాలి.

ఎంత తీయాలి అంటే, ఒకసారికి పావు వంతు, అంటే మీకు ఏడు కిలోల దాకా. ఎలా తీయాలన్న దాని మీద రెండు రకాల సలహాలు వింటారు. పైన పైన పొరలా తీసుకుంటూ రమ్మంటారు కొందరు. నాకది నచ్చదు. ఆక్సిజన్ అందేది పైపొరకే కాబట్టి మనకి పనికొచ్చే బాక్టీరియా ఎక్కువగా అక్కడే ఉంటుంది, మడ్డి అంతా కింద ఉంటుంది. పైపొర తీసేస్తే మంచిది పోయి చెడ్డది బయటపడుతుంది, పైగా అక్వేరియం అంతటా ఒకేసారి మడ్డి లేస్తుంది. అలా కాకుండా ఒక చివర నుంచి మొదలుపెట్టి, ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా తొమ్మిది అంగుళాల వెడల్పున ఒక పట్టీని అడుగు అద్దం కనిపించేదాకా పూర్తిగా తీసేయండి. మిగతా మూడు వంతుల్ని కదపకండి. పక్కన రాళ్ళు జారి రాకుండా ప్లాస్టిక్ స్కేలో, ఫైలు అట్ట ముక్కో అడ్డం గుచ్చితే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు రోజు మేత వేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళకి చేపలు అద్దం దగ్గరకొచ్చి నోరాడిస్తుంటే చూసి మేత వేసే అలవాటు ఉంటే, ఈ రెండు నెలలూ డబ్బా తీసి దాచేయండి. రెండు మూడు రోజులు తినకపోయినా పెద్ద గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు. పని పొద్దున్నే పెట్టుకోండి, మిగతా రోజంతా చేపల్ని గమనించడానికి వీలుంటుంది. కరెంటు తీస్తామని ముందే చెప్పిన రోజు వద్దు. చేతులు పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. హీటర్ ఉంటే తప్పకుండా, నీళ్ళు తగ్గి గాజు బయటపడితే పగిలిపోతుంది. చేతికి కోతలు, పగుళ్ళు ఉంటే గ్లవ్స్ వేసుకోండి. అక్వేరియం నీళ్ళలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే క్రిమి గాయంలో చేరితే నెలల తరబడి మానని పుండవుతుంది. నీళ్ళు కిందికి లాగే సైఫన్ పైపుని కూడా నోటితో పీల్చకండి, పైపు మొత్తం నీళ్ళలో ముంచి నింపి, ఒక కొస వేలితో మూసి బకెట్లోకి దించితే చాలు.

ఇద్దరు ఉంటే పని సులువు. ఒకరు సైఫన్ పైపు పట్టుకోవాలి, ఇంకొకరు చిన్న ప్లాస్టిక్ మగ్గుతో రాళ్ళు ఎత్తాలి. మగ్గు ఎక్కడ దిగుతుందో పైపు మూతి దానికి రెండంగుళాల దూరంలోనే ఉండాలి, లేచిన మడ్డి లేచినట్టే పైపులోకి పోవాలి. మగ్గుని గభాలున గుచ్చకుండా, రాళ్ళ కిందికి నెమ్మదిగా జరిపి, ఒక క్షణం ఆగి, నిటారుగా పైకి తీయండి. మొదటి మగ్గు పైకి తీసినప్పుడు చూడండి, పైన నీలంగా మెరిసేవి ఒక వరసే, దాని కింద రాళ్ళకి గోధుమ రంగు పూత పట్టి ఉంటుంది, వాటి సందుల్లో ఉబ్బిపోయిన మేత గుళికలు, నత్త గుల్లలు, తడిసిన కాఫీ పొడిలా ముద్దకట్టిన మడ్డి. వేలితో రుద్దితే కొన్ని రాళ్ళ రంగు ఊడి వస్తుంది కూడా. ఆ పూతలోనే బాక్టీరియా ఉంది, ఆ ముద్దలోనే అమ్మోనియాకి సరుకూ ఉంది, రెండూ కలిసి ఉండబట్టే ఈ పని ఇంత నెమ్మదిగా చేయాల్సి వస్తోంది.

చాలామంది లావు పైపు పెట్టి రాళ్ళని కూడా సైఫన్‌తోనే లాగేద్దామనుకుంటారు. ఇసుకకైతే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ రాళ్ళ సైజుకి అంగుళం పైపు కావాలి, అంత లావు పైపు బకెట్‌ని నిమిషంలోపే నింపేస్తుంది, ఏడు కిలోల రాళ్ళు రాకముందే సగం నీళ్ళు బయట ఉంటాయి. మీ అక్వేరియంలో రాళ్ళూ పైన ఖాళీ పోగా ఉన్న అసలు నీళ్ళు 130 లీటర్ల దాకా ఉంటాయి, ఒకసారికి 30, 35 లీటర్లకి మించి తీయకూడదు. అందుకే రాళ్ళకి మగ్గు, మడ్డికి సన్న పైపు. నీళ్ళు ఆ హద్దు దాకా వచ్చేశాయంటే పట్టీ పూర్తి కాకపోయినా ఆపేయండి. మగ్గుని అద్దాల మూలల్లో గీకకండి, సిలికాన్ అంటించిన చోట గీత పడితే తరువాత కారుతుంది.

చేపల్ని బయటికి తీయక్కర్లేదు. పావు వంతు పనికి వాటిని వలతో తరిమి పట్టడమే పెద్ద టెన్షన్, మీకూ వాటికీ. కాకపోతే గోల్డ్‌ఫిష్‌లు మడ్డి లేవగానే మేత అనుకుని చేతి దగ్గరికే వచ్చేస్తాయి, ఒరాండాలు మరీను. ఒక ప్లాస్టిక్ జల్లెడో, వలో అడ్డం పెట్టి అవతలి వైపు ఉంచండి. పని చేస్తున్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, గాలి ఆడని చోట తయారవుతుంది. రెండంగుళాల ముతక రాళ్ళలో అది ప్రమాదకరంగా పేరుకోవడం అరుదు, సన్న ఇసుక గట్టిపడిన చోటే ఎక్కువ. అయినా వాసన వస్తే ఎయిర్ పంప్ గట్టిగా పెట్టి, ఆ చోట కెలకడం ఆపి, పైపుతో మాత్రమే లాగేయండి.

తీసిన రాళ్ళు వెంటనే పారేయకండి. ఉల్లిపాయలు వచ్చే వల సంచీ ఉంటుంది కదా, దాన్ని సబ్బు లేకుండా వేడి నీళ్ళతో కడిగి, తీసిన రాళ్ళలో ఒక కిలో, కిలోన్నర తీసుకుని, బకెట్లోని అక్వేరియం నీళ్ళలోనే మడ్డి పోయేలా జాడించి, సంచీలో కట్టి ఫిల్టర్ నీళ్ళు పడే చోట వేలాడదీయండి. మడ్డి పోతుంది, బాక్టీరియా ఉంటుంది, గాలి కలిసిన నీళ్ళు దాని మీదుగా పారుతుంటాయి. ఇలా నాలుగు విడతల్లోనూ చేసి, ఆఖరి విడత అయిన నెల తరువాత ఆ సంచీలు ఒక్కొక్కటీ తీసేయొచ్చు. చేపలకి రాళ్ళు అందవు కాబట్టి నోట్లో ఇరుక్కునే భయం ఉండదు. మిగతా రాళ్ళని బాత్‌రూమ్ డ్రెయిన్‌లోకి పోనివ్వకండి, అపార్ట్‌మెంట్ పైపులు పూడుకుపోతాయి. ఎండబెట్టి కుండీల్లో పైన పరుచుకోవచ్చు. బకెట్లోని మడ్డి నీళ్ళు కరివేపాకు మొక్కకి, మల్లె పాదుకి పోయండి, మందులు గానీ ఉప్పు గానీ వేసిన నీళ్ళు కాకపోతేనే.

రాళ్ళు తీసేశాక నీటి మట్టం ముప్పావు సెంటీమీటరు దాకా దిగుతుంది, రాళ్ళు ఆక్రమించిన చోటు అది. మొత్తం తీసేసరికి మూడు సెంటీమీటర్లు. ఆ మేరకు కూడా నీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి. నీళ్ళు నెమ్మదిగా, ఒక పళ్ళెం మీద పడేలా పోయండి. ఆ రోజు ఫిల్టర్‌ని ముట్టుకోవద్దు. రాళ్ళు తీసిన వారం ఫిల్టర్ కడగకూడదు, ఫిల్టర్ కడిగిన వారం రాళ్ళు తీయకూడదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మడ్డితో ఫిల్టర్ మూసుకుపోయి ధార తగ్గితే, అక్వేరియం నీళ్ళలోనే స్పాంజ్‌ని ఒకటి రెండుసార్లు మెల్లగా పిండి పెట్టేయండి.

మర్నాడు, మూడో రోజు, ఆరో రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉంటే, వారం పది రోజులకి రెండో పట్టీ. రెండింటిలో ఏదైనా కిట్‌లో పాయింట్ రెండు ఐదు (0.25 పీపీఎం, అంటే లీటరుకు పావు మిల్లీగ్రాము) కనిపిస్తే మేత సగానికి తగ్గించి ఆగండి, రెండుసార్లు వరసగా సున్నా వచ్చేదాకా రెండో పట్టీ జోలికి పోవద్దు. పాయింట్ ఐదు గానీ ఆ పైన గానీ వస్తే మేత పూర్తిగా ఆపి, పాతిక శాతం నీళ్ళు మార్చి, మర్నాడు మళ్ళీ చూసి అవసరమైతే మళ్ళీ మార్చండి. నైట్రైట్ వస్తే చేపల రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, మొప్పలు గోధుమ రంగులోకి తిరుగుతాయి. అప్పుడు లీటరుకు ఒక గ్రాము లోపు కల్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది, గోల్డ్‌ఫిష్‌కి ఆ మోతాదు ఇబ్బంది చేయదు. నీళ్ళు పాలరంగు మసకగా మారితే భయపడి అంతా మార్చేయకండి, రెండు మూడు రోజుల్లో అదే విరుగుతుంది, అమ్మోనియా అంకె ఒక్కటి చూసుకుంటూ ఉండండి. అంకెలకి ముందే చేపలు చెబుతాయి: పైకొచ్చి నోరు తెరవడం, రెక్కలు ఒంటికి నొక్కి పెట్టుకోవడం, మూల చేరి అడుగున కూర్చోవడం, మేత కోసం రాకపోవడం.

ఒకటి చూసుకోండి, మీ రాళ్ళ కింద చిల్లుల ప్లాస్టిక్ పలక ఏమైనా ఉందా? పాత సెట్టింగుల్లో అండర్ గ్రావెల్ ఫిల్టర్ వేసేవాళ్ళు, మూల నుంచి ఒక గొట్టం పైకి వచ్చి బుడగలు వస్తుంటాయి. అది ఉంటే లెక్క మారుతుంది. అక్కడ రాళ్ళే అసలు ఫిల్టర్, రాళ్ళు పల్చబడితే నీళ్ళు తేలిక దారి చూసుకుని ఖాళీ చోటి నుంచే పోతాయి, మిగతా రాళ్ళకి ఆక్సిజన్ అందదు. కొత్త స్పాంజ్ ఫిల్టర్‌ని రెండు నెలలు నడిపించాకే మొదలుపెట్టండి. ఆఖరున పలక ఎత్తే రోజు దాని కింద ఏళ్ళ తరబడి చేరిన మడ్డి ఒక్కసారిగా లేస్తుంది. ఆ ఒక్కరోజు మాత్రం చేపల్ని తీయాల్సిందే, పెద్ద టబ్‌లో అక్వేరియం పైనీళ్ళే పోసి, స్పాంజ్ ఫిల్టర్ అందులోకి మార్చి నడిపిస్తూ, పైన వల కప్పి పెట్టండి.

రాళ్ళన్నీ పోయాక అడుగు అద్దం మెరుస్తుంటే చేపలు కొన్నాళ్ళు బెదురుతాయి. కొన్ని వారాల్లో పల్చటి నాచు పొర వచ్చి ఆ మెరుపు తగ్గుతుంది, దాన్ని గీకేయకండి, అదీ బాక్టీరియాకి చోటే. రెండ్రోజులకోసారి సన్న పైపుతో అడుగున కనిపించే మలినం లాగేస్తే ఐదు నిమిషాల పని. టైల్ ముక్కలు పరుద్దామనుకుంటే సెరామిక్‌వి వాడండి, కాకపోతే వాటి కింద మలినం చేరుతుంది, అప్పుడప్పుడు ఎత్తి చూడాలి. కడప రాయి సున్నపురాయి జాతి, నీళ్ళ కాఠిన్యం పెంచుతుంది, మన బోరు నీళ్ళకి అది అక్కర్లేదు.

ఇసుక కావాలని పిల్లలు పట్టుబడితే సెంటీమీటరు మందం దాటకుండా ఏటి ఇసుక జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి వేయండి. దాని మీద వెనిగర్ పోసి చూడండి, బుడగలు వస్తే అందులో గుల్ల, సున్నం ఉన్నట్టు. ఆర్‌కే బీచ్ నుంచో రుషికొండ నుంచో తెచ్చిన ఇసుక, గవ్వలు మాత్రం వద్దు. ఉప్పు, గుల్ల ముక్కలు ఒక సమస్య, ఇంకోటి మన తీరంలో, ముఖ్యంగా భీమిలి వైపు, ఇసుకలో నల్లగా కనిపించేది ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజం. అలాంటి నల్ల రేణువుల్లో అయస్కాంతానికి అంటుకునేవి ఫిల్టర్ మోటారు లోపలి రోటర్‌కి పట్టుకుని దాన్ని అరగదీస్తాయి.

ఈ రెండు నెలల్లో మళ్ళీ చేప నోట్లో రాయి ఇరుక్కుంటే, ముందు ఒక గంట వదిలేసి చూడండి, చాలాసార్లు అవే ఉమ్మేస్తాయి. లేకపోతే తడి చేతులతో పట్టుకుని, నోరు కిందికి ఉండేలా నీళ్ళ మీదే వంచి, గొంతు కింద మెత్తగా ముందుకి నొక్కండి, రాయి జారి పడుతుంది. రాకపోతే మొన మొద్దుగా ఉన్న ట్వీజర్‌తో, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తీయాలి. చేప నీళ్ళ బయట అర నిమిషం దాటకూడదు.

టెస్ట్ కిట్ వచ్చాక ముందు అక్వేరియం పీహెచ్, మీ కుళాయి నీళ్ళ పీహెచ్, రెండింటి అమ్మోనియా రాయండి, నీళ్ళు బోరువో కార్పొరేషన్‌వో కూడా చెప్పండి. ఆ అంకెలు చూసి మీకు నెల సరిపోతుందో, ఇంకా ఆగాలో చెబుతాను. అప్పటిదాకా స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, మేత తగ్గించి, రాళ్ళని అలాగే ఉండనివ్వండి.